డీప్ సిక్స్ (1986): ఈ సియాటిల్ సంకలనాన్ని ఎలా వినాలి?

రెడ్‌మండ్ శ్రోత:

అందరికీ నమస్కారం. నేను తొమ్మిదేళ్ళుగా సియాటిల్‌ను ఆనుకొని ఉన్న రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా వీధి చివరి ఇంట్లో ఉండే పెద్దాయన ఒకరు ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, రికార్డుల పెట్టెలు సర్దడానికి కాస్త సాయం రమ్మన్నారు. ఒక పెట్టె అడుగున ‘డీప్ సిక్స్’ అనే రాక్ సంగీతపు ఎల్పీ కనిపించింది. అట్ట అంచులు నలిగి, ఒక మూల తడిసి ఉబ్బి ఉంది గాని, లోపలి ప్లేటు మీద ఒక్క గీత కూడా లేదు. ఆయన సర్దడం ఆపి, దాన్ని ప్లేయరు మీద పెట్టి, ముల్లు ఆనించి, మొదటి వైపు పూర్తయ్యేదాకా నిలబడే విన్నారు. నేను కింద కూర్చుని విన్నాను.

ఉన్నమాట చెబుతాను. గొంతులు ఏదో పక్క గదిలోంచి వస్తున్నట్లు, డ్రమ్ముల మోత గోడలకు కొట్టుకొని తిరిగి వస్తున్నట్లు వినిపించింది. ఒక పాట మొదలైందని తెలిసేలోపే ముగిసిపోయింది, ఇంకొకటి ఎంతకీ తెమలలేదు. అయినా ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాక కూడా ఆ మోత నన్ను వదిలిపెట్టలేదు.

నేను గుంటూరులో పెరిగినవాణ్ణి. సంకలనం అంటే నాకు తెలిసింది బస్టాండు పక్క సందులోని క్యాసెట్టు దుకాణమే. నచ్చిన సినిమా పాటల జాబితా కాగితం మీద రాసిస్తే, రెండు రోజుల తరువాత ఖాళీ క్యాసెట్టులో నింపి ఇచ్చేవారు. అంటే అప్పటికే ఊరంతా పాడుకుంటున్న పాటలను ఒకచోట చేర్చుకోవడం. ఈ రికార్డులో అలాంటి పాట ఒక్కటీ లేదు, ఇందులోని ఆరు బృందాలూ అప్పటికి ఈ ఊరు దాటితే ఎవరికీ తెలియనివే అని ఆయన అన్నారు. మరి ఎవరికీ తెలియని ఆరుగురిని ఒక రికార్డు మీదకు ఎవరు, ఎందుకు తెచ్చారు? ఇది అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదని కూడా ఆయనే చెప్పారు. అలాంటప్పుడు ఇప్పుడు దీని పేరు ఇంత గౌరవంగా చెప్పుకోవడానికి కారణం పాటల్లో ఉందా, లేక ఆ బృందాల్లోని మనుషులు తరువాత పేరు తెచ్చుకోవడంలో మాత్రమే ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా మనవి.

యూనివర్సిటీ వే పాతకాపు:

రెడ్‌మండ్ శ్రోత గారూ, నేను చదువు కోసం 1990లో సియాటిల్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మీరు అడిగినదానికి జవాబు ఆ రోజుల నాటి ఊరి పరిస్థితి దగ్గర మొదలుపెట్టాలి.

1980ల నడిమి కాలంలో సియాటిల్ అంటే బోయింగ్ ఉద్యోగాలూ, ఓడరేవూ, వానా. దేశం తిరిగే బృందాలు చాలాసార్లు శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వచ్చి, ఇంత దూరం ఉత్తరానికి ఎందుకని అక్కడి నుంచే వెనక్కి మళ్ళేవి. దానికి తోడు 1985లో నగరపాలక మండలి ఒక ఆర్డినెన్సు చేసింది. టీనేజీ పిల్లలను రానిచ్చే డాన్సు కార్యక్రమం ఏది పెట్టాలన్నా నిర్వాహకులు పది లక్షల డాలర్లకు బీమా తీసుకోవాలి, డ్యూటీలో లేని పోలీసులను డబ్బిచ్చి కాపలాకు పెట్టుకోవాలి. పాతిక ముప్ఫై మంది వచ్చే చోట అది అయ్యే పనేనా? 2002లో రద్దయ్యేదాకా ఆ నిబంధన ఇక్కడి కుర్రకారు సంగీతానికి గొంతు మీద కాలులా ఉండింది. వాయించడానికి చోటు లేదు, వినడానికి బయటివాళ్ళు రారు, రికార్డు వేయడానికి పెద్ద కంపెనీ ఏదీ ఊళ్ళో లేదు. అందువల్ల వాయించేవాళ్ళే ఒకరి కచేరీకి ఒకరు శ్రోతలయ్యారు. ఒకరి ధోరణి మరొకరికి అంటుకోవడానికి ఇంతకంటే అనువైన స్థితి ఉండదని నా అభిప్రాయం.

క్రిస్ హాంజెక్, టీనా కసాలే అనే ఇద్దరు బోస్టన్ నుంచి ఇక్కడికి వచ్చి చిన్న రికార్డింగు స్టూడియో నడిపారు, తరువాత సి/జెడ్ రికార్డ్స్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఆ సంస్థ వేసిన మొట్టమొదటి రికార్డే డీప్ సిక్స్. 1985 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఐరన్‌వుడ్ స్టూడియోలో రికార్డు చేసి, 1986 మార్చి 21న విడుదల చేశారు. వేసినవి 2,000 ప్రతులు, అవి చెల్లిపోవడానికి ఏళ్ళు పట్టింది. గ్రీన్ రివర్, మెల్విన్స్, మాల్ఫంక్షన్, స్కిన్ యార్డ్, సౌండ్‌గార్డెన్, యూ-మెన్ అనే ఆరు బృందాలు, మొత్తం 14 పాటలు. ఒక్కొక్కరికి ఒక్కో ఎల్పీ వేయడం ఎవరి తాహతుకూ అందేది కాదు, కానీ ఒకే ప్లేటును ఆరుగురు పంచుకుంటే, ఒక బృందం కోసం కొన్న మనిషి మిగిలిన ఐదుగురినీ వినక తప్పదు. బస్టాండు దుకాణంలో మీరు నింపించుకున్న క్యాసెట్టుకూ దీనికీ తేడా అక్కడే ఉంది. అక్కడ తెలిసిన పాటలను చేర్చుకున్నారు, ఇక్కడ తెలియనివాళ్ళను ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొనేలా నిలబెట్టారు.

ఆ ఆరుగురిలో అప్పటికి ఊళ్ళో అందరికంటే పేరున్నవాళ్ళు యూ-మెన్. 1985లో ఇక్కడి బంబర్‌షూట్ ఉత్సవంలో వేదికకూ జనానికీ మధ్య ఉన్న నీటి గుంటలో మండే ద్రవం పోసి నిప్పంటించిన ఘనులు వీళ్ళే. నేను వచ్చేనాటికి కూడా దాన్ని కళ్ళారా చూశామని చెప్పుకొనేవాళ్ళు, ఆ గుంట చుట్టూ నిలబడగలిగినంత మందికి పదింతల మంది ఉండేవారు. రికార్డులో వాళ్ళది ఒకే పాట, అదీ చిట్టచివర వస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఆ రోజు పేరున్న యూ-మెన్‌ను ఇప్పుడు చరిత్ర చదివేవాళ్ళే గుర్తుపడతారు, ఆ రోజు వాళ్ళ వెనుక నిలబడిన సౌండ్‌గార్డెన్‌ను లోకమంతా గుర్తుపడుతుంది.

మన దక్షిణాది వాళ్ళకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. సౌండ్‌గార్డెన్ గిటారిస్టు కిమ్ థాయిల్ సియాటిల్‌లోనే పుట్టారు, ఆయన తల్లిదండ్రులు కేరళ నుంచి వచ్చినవారు. మన పిల్లలకు ఈ మాట చెబితే, ఈ రికార్డు తమకేమీ కానిది అనుకోరు.

నాలుగో ట్రాకు:

నేను హైదరాబాదులో సౌండ్ రికార్డిస్టుగా పని చేస్తాను. శ్రోత గారు చెప్పిన ‘పక్క గది’ గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మీ చెవి మిమ్మల్ని మోసం చేయలేదండీ. ఇది తక్కువ డబ్బుతో, తక్కువ సమయంలో జరిగిన పని. ఒక బృందం సామాను సర్దుకుంటుంటే ఇంకొక బృందం దింపుకొనే పరిస్థితిలో, డ్రమ్ము ఒక్కొక్కదానికి మైకు ఎక్కడ పెడితే బాగుంటుందో గంటలకొద్దీ వెతుక్కొనే అవకాశం ఉండదు. ప్లేటు అనే వస్తువుకు ఉన్న హద్దు కూడా ఒకటి ఉంది. ఎల్పీకి ఒక వైపు ఇరవై నిమిషాలు దాటిన కొద్దీ గాడులను దగ్గర దగ్గరగా కోయవలసి వస్తుంది, దగ్గరగా కోయాలంటే ధ్వని మట్టాన్ని తగ్గించాలి, బేస్‌ను అదుపులో పెట్టాలి. బేస్ ధ్వని గాడిని అటూ ఇటూ ఎక్కువగా ఊపుతుంది కాబట్టి, తగ్గించకపోతే పక్క గాడిలోకి పోతుంది. పద్నాలుగు పాటలను రెండు వైపుల్లో ఇరికించినప్పుడు ఎక్కువ నష్టపోయేది ఇలాంటి బరువైన సంగీతమే. వేదిక మీద కడుపులో తగిలే దెబ్బ, ఇంట్లో ముల్లు కింద చెవికి మాత్రమే తగులుతుంది.

మీరు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. సౌండ్‌గార్డెన్ పాట ‘టియర్స్ టు ఫర్గెట్’ ఈ సంకలనంలో ఉంది, 1987లో వచ్చిన వారి మొదటి ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) ‘స్క్రీమింగ్ లైఫ్’లో కూడా ఉంది. రెండింటినీ వెంట వెంటనే వినండి. రెండోదాన్ని రికార్డు చేసింది జాక్ ఎండినో. డీప్ సిక్స్‌లో ఆయన స్కిన్ యార్డ్ బృందపు గిటారిస్టు. తరువాత హాంజెక్‌తో కలిసి బాలర్డ్ ప్రాంతంలో రెసిప్రోకల్ రికార్డింగ్ స్టూడియోను నడిపారు. అక్కడ ఉన్నది ఎనిమిది ట్రాకుల టేపు యంత్రమే, అదేమీ గొప్ప సామగ్రి కాదు. అయినా డ్రమ్ము దగ్గరికి వచ్చింది, గిటారుకు బరువు వచ్చింది, గొంతు గదిలోకి వచ్చింది. డ్రమ్ములు వాయించిన మనిషి కూడా మారారు. డీప్ సిక్స్‌లో స్కాట్ సండ్‌క్విస్ట్, రెండోదానిలో మాట్ కామెరాన్. ఈ కామెరాన్ డీప్ సిక్స్‌లో వాయించింది స్కిన్ యార్డ్ తరఫున. అంటే ఒకే రికార్డు మీద పక్క పక్కన ఉన్న రెండు బృందాలలో, ఒకదాని డ్రమ్మరు రెండోదానికి వెళ్ళారు, ఒకదాని గిటారిస్టు రెండోదానికి ధ్వని కూర్చారు. అదే స్టూడియోలో అదే ఎండినో చేతుల మీదుగా, తరువాత ప్రపంచమంతా పేరు మోగిన నిర్వాణా బృందపు మొదటి ఆల్బమ్ 606 డాలర్ల 17 సెంట్ల ఖర్చుతో పూర్తయింది.

నేను ఈ రికార్డును ఇష్టపడేది ఆ లోపంతో సహా. ధ్వని బాగోలేదని దాన్ని పక్కన పెట్టడం నాకు చేతకాదు. ఈ సంగీతానికి ఎలాంటి ధ్వని కావాలో ఆ ఊరివాళ్ళకు తెలిసింది, ఇక్కడ తప్పిపోయిన తరువాతే.

వరంగల్ పాఠకుడు:

పాతకాపు గారు చెప్పినది చదివితే నాకు మన దిగంబర కవులు గుర్తుకు వచ్చారు. వారూ ఆరుగురే. 1965లో హైదరాబాదులో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేత మొదటి సంపుటిని ఆవిష్కరింపజేశారు. ఒంటరిగా అయితే ఏ పత్రికా అచ్చు వేయని గొంతులు ఒకే అట్ట కింద చేరినప్పుడు వచ్చే బలం రెండు చోట్లా కనిపిస్తోంది.

అయితే నాకు ఒక అనుమానం ఉంది, దాన్ని దాచుకోకుండా అడుగుతున్నాను. దిగంబర కవులు తమ పేర్లు తామే పెట్టుకున్నారు, తాము ఎందుకు రాస్తున్నారో చెప్పుకున్నారు. ఈ ఆరు బృందాలకు అలాంటి ఉమ్మడి మాట ఏదైనా ఉందా? నేను ఆన్‌లైన్‌లో రెండుసార్లు విన్నాను. మెల్విన్స్ పాటలు నాలుగూ చాలా పొట్టివి, వాటిలో నిమిషం కూడా నిండనివి ఉన్నాయి. గ్రీన్ రివర్ పాట ‘యువర్ ఓన్ బెస్ట్ ఫ్రెండ్’ ఆరు నిమిషాలు దాటి సాగుతుంది. మాల్ఫంక్షన్ గాయకుడు పెద్ద మైదానంలో వేలమంది ఎదుట పాడుతున్నట్లు పాడతాడు, స్కిన్ యార్డ్ ఏదో మసక చీకటిలో తడుముకుంటూ నడుస్తున్నట్లు ఉంటుంది. ఇవన్నీ ఒక ‘ధోరణి’ అని ఇప్పుడు మనం అంటున్నామంటే, 1991లో నిర్వాణా పేరు మోగిపోయిన తరువాత వెనక్కి తిరిగి చూసి గీత గీయడం కాదా?

యూనివర్సిటీ వే పాతకాపు:

వరంగల్ పాఠకుడు గారూ, మంచి ప్రశ్న. వెనక్కి తిరిగి చూసేటప్పుడు గీతలు అసలు కంటే తిన్నగా కనిపిస్తాయన్న మాట ఒప్పుకుంటాను. వారికి ఉమ్మడి ప్రకటన ఏదీ లేదు. తరువాత ప్రపంచమంతా వాడిన ‘గ్రంజ్’ అన్న మాట కూడా ఈ రికార్డు చుట్టూ అల్లుకున్నది కాదు. గ్రీన్ రివర్ గాయకుడు మార్క్ ఆర్మ్ 1981లోనే ఒక చిన్న పత్రికకు ఉత్తరం రాస్తూ తన అప్పటి బృందాన్ని తానే తిట్టుకోవడానికి ఆ మాట వాడారు. అది ఒక ఊరి సంగీతానికి పేరుగా స్థిరపడింది సబ్ పాప్ అనే ఇక్కడి రికార్డు సంస్థ ప్రచారంతోనే.

కానీ గీత అంతా తరువాత గీసినదే అంటే ఒప్పుకోలేను. ఈ రికార్డు వచ్చిన 1986లోనే ఇక్కడి సంగీత పత్రిక ‘ది రాకెట్’లో వచ్చిన సమీక్ష, ఇది పంకూ (వేగంగా, కోపంగా సాగే ముతక రాక్) కాదు, మెటలూ (గిటార్ల బరువైన మోతతో సాగే రాక్) కాదు, రెండింటికీ వేరైన మూడో ధ్వని అని పేర్కొంది. అప్పటికి నిర్వాణా అన్న పేరే లేదు. ఆ సమీక్షకు వినిపించింది ఏమిటో మీకూ వినిపించాలంటే పాటల నిడివిని కాసేపు మరచిపోయి, వేగం ఎక్కడ తగ్గుతుందో గమనించండి. అప్పటి పంక్ కుర్రవాళ్ళకు వేగమే మతం. 1984లో కాలిఫోర్నియా బృందం బ్లాక్ ఫ్లాగ్ ‘మై వార్’ ఆల్బమ్ రెండో వైపంతా ఈడ్చి ఈడ్చి వాయిస్తే అభిమానులకే మింగుడుపడలేదు. ఇక్కడివాళ్ళు మాత్రం దాన్ని పాఠంగా తీసుకున్నారు. చిన్నప్పుడు విన్న మెటల్ బృందం బ్లాక్ సబ్బత్ బరువునూ, ఇప్పుడు వాయిస్తున్న పంక్ కోపాన్నీ కలపడానికి సిగ్గుపడలేదు. మెల్విన్స్‌ను మళ్ళీ వినండి. మాంటిసానో అని, సియాటిల్ నుంచి కారులో రెండు గంటల దూరంలో, కలప మీద బతికే చిన్న ఊరు వాళ్ళది. తరువాతి రికార్డుల్లో వాళ్ళు నత్తలా నడిచి పేరు తెచ్చుకున్నారు. ఇక్కడ ఇంకా పరుగుకూ నడకకూ మధ్య ఊగుతున్నారు, ఆ ఊగడం ఒకే పాట లోపల కూడా వినిపిస్తుంది.

మాల్ఫంక్షన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నా వరకు ఈ రికార్డు విలువ ఎక్కువగా అక్కడే ఉంది. వాళ్ళది బెయిన్‌బ్రిడ్జ్ దీవి, నగరం రేవు నుంచి ఫెర్రీలో అరగంట పైచిలుకు ప్రయాణం. గాయకుడు ఆండ్రూ వుడ్ 1990 మార్చిలో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, మత్తుమందు ఎక్కువై చనిపోయారు. ఆయన బతికుండగా మాల్ఫంక్షన్ పేరుతో పూర్తి ఆల్బమ్ రానే లేదు. పాత టేపులను పోగుచేసి ‘రిటర్న్ టు ఒలింపస్’ తెచ్చింది 1995లో. దానిని తెచ్చిన స్టోన్ గోసార్డ్ డీప్ సిక్స్‌లో గ్రీన్ రివర్ గిటారిస్టు, తరువాత వుడ్‌తో కలిసి మదర్ లవ్ బోన్‌లో వాయించినవారు, వుడ్ పోయాక పర్ల్ జామ్ బృందాన్ని స్థాపించినవారిలో ఒకరు. మొత్తం వంద మందికి తెలిసిన గాయకుడు వేల మందికి పాడుతున్నట్లు పాడితే నవ్వులాటగా ఉంటుందని అప్పట్లో అనుకున్నవాళ్ళు ఉన్నారు. ‘విత్ యో హార్ట్’ వినండి, అతను ఆ వేల మందిని నిజంగానే చూస్తున్నాడు. ఆ పాట ఈ ప్లేటు మీదకు ఎక్కకపోయి ఉంటే 1986లో ఆ కుర్రవాడు ఎలా పాడేవాడో తెలుసుకోవడానికి గోడల అవతల మిత్రులు దాచుకున్న టేపులే మిగిలేవి.

నాలుగో ట్రాకు:

పాతకాపు గారి మాటకు చిన్న చేర్పు. సి/జెడ్ సంస్థను హాంజెక్, కసాలే ఎక్కువ కాలం నడపలేదు, స్కిన్ యార్డ్ బేసిస్టు డేనియల్ హౌస్ చేతికి వచ్చింది. ఈ సంకలనాన్ని 1994లో ఏ అండ్ ఎం అనే పెద్ద రికార్డు కంపెనీ మళ్ళీ విడుదల చేసింది. సౌండ్‌గార్డెన్ అప్పటికి ఏ అండ్ ఎం బృందమే, అదే ఏడాది మార్చిలో వారి ‘సూపర్‌అన్‌నోన్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. శ్రోత గారికి వినడమే ముఖ్యమైతే ఆ 1994 ప్రతి చాలు. మొదటి ముద్రణ కోసం చూసేటట్లయితే, ఫొటో చూసి డబ్బు పంపవద్దు. ప్లేటును చేతిలోకి తీసుకొని, గాడులు ముగిసి లేబులు మొదలయ్యే నున్నటి చోట కోసిన గుర్తులను వెలుతురులో వంచి చూసి, తెలిసినవారి ప్రతితో పోల్చుకున్న తరువాతే బేరమాడండి. ఒకసారి తొందరపడి, అట్ట ఒకటి, లోపల ప్లేటు ఒకటి ఉన్నదాన్ని కొని నేను బాధపడ్డాను.

వరంగల్ పాఠకుడు:

పాతకాపు గారు చెప్పినట్లు వేగం మీద దృష్టి పెట్టి నిన్న రాత్రి మూడోసారి విన్నాను. గ్రీన్ రివర్ ‘10,000 థింగ్స్’ మొదలైన తీరులోనే ఆ నెమ్మది ఉంది, ఇంతకుముందు నాకు పట్టలేదు. మూడో ధ్వని అన్న మాట ఒప్పుకుంటున్నాను. దిగంబర కవులతో పోలికలో ఒక సవరణ కూడా చేసుకుంటున్నాను. వారు ముందు పేరు పెట్టుకొని తరువాత రాశారు, వీరు ముందు వాయించేశారు, పేరు వెతుక్కొనే పని ఇతరులకు మిగిలింది. మాల్ఫంక్షన్ మీద మాత్రం ఇంకా మనసు కుదరలేదు, మరి కొన్నిసార్లు వినాలి.

రెడ్‌మండ్ శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి పెట్టుకొని నిన్న సాయంత్రం మళ్ళీ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. పెట్టెలన్నీ టేపు వేసి సిద్ధంగా ఉన్నాయి, ప్లేయరును మాత్రం ఇంకా కట్టలేదు. ‘టియర్స్ టు ఫర్గెట్’ ముందు ప్లేటు మీద, ఆ వెంటనే నా ఫోనులో 1987 ప్రతి, రెండూ వినిపించాను. నాలుగో ట్రాకు గారు చెప్పినట్లు రెండో దానిలో డ్రమ్ము మంచం పక్కకు వచ్చి కూర్చున్నట్లు ఉంది. పెద్దాయన తల అడ్డంగా ఊపి, ‘ఇది నేను విన్న సౌండ్‌గార్డెన్, అది నేను కొన్న సౌండ్‌గార్డెన్’ అన్నారు, ముందు ఫోనునూ తరువాత ప్లేటునూ చూపించి. కచేరీలో విన్నదానికీ ఇంటికి తెచ్చుకున్నదానికీ పోలిక లేదని అప్పుడే బాధపడ్డారట. అయినా ఈ ముప్ఫై ఎనిమిదేళ్ళలో మూడు ఇళ్ళు మారినా దాన్ని అమ్మలేదు.

ఆ తరువాత రెండో వైపు తిప్పి యూ-మెన్ పాట దాకా విన్నాము. ముల్లు లేచాక ఆయన ప్లేటును తుడిచి, అట్టలో పెట్టి, తడిసిన మూల మీద అరచేత్తో రెండుసార్లు అద్ది, పెట్టెలో కాకుండా తన చేతిసంచిలో పెట్టుకున్నారు. విమానంలో తనతోనే తీసుకువెళతారట. నేను 1994 ప్రతి కోసం వెతకడం మొదలుపెట్టాను. దొరికాక మాల్ఫంక్షన్ పాటలు రెండూ మా అబ్బాయికి వినిపించి, వాడేమన్నాడో ఇక్కడే రాస్తాను.